వెన్నులో రాడ్డుందని ఆగిపోకండి!

మాది ఆళ్లగడ్డ. పక్కనే అహోబిలం. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుడికి రాళ్ల దారిలో నడిచి వెళ్లాలి. ఫ్రెండ్స్‌తో మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ వాళ్లు పైకెళ్తే, నేను కింద బండ మీద కూర్చుని వాళ్ల బ్యాగులకు కాపలా కాశాను.

కారణం.. ఇంటర్‌లో ఉండగా నాకు స్కోలియోసిస్ సర్జరీ జరిగింది. ఏడాది తర్వాత చెకప్‌లో ‘ఎముక బాగా అతుక్కుంది, ఆటలాడుకో’ అన్నారు డాక్టర్. ఇంట్లో మాత్రం ‘వద్దు నాయనా, ఈపులో కడ్డీలుండాయి’ అనేది మా అవ్వ. నిజం చెప్పాలంటే అవ్వ కంటే నేనే ఎక్కువ భయపడ్డా. బీటెక్ అయ్యాక సోలార్ ప్లాంటులో ఫీల్డ్ ఇంజినీర్ ఇంటర్వ్యూకి పిలుపొస్తే, ఎండలో తిరగాలి, మెట్లెక్కాలి అని వెళ్లనేలేదు. ఆ ఉద్యోగానికి అడ్డుపడింది రాడ్డు కాదు, నా భయం.

రాడ్డు చేసే పనేంటి?

వెన్నెముక పక్కకు వంగి, మెలి తిరగడమే స్కోలియోసిస్. వంపును ఎక్స్‌రేలో ‘కాబ్ యాంగిల్’తో కొలుస్తారు. 10 డిగ్రీలు, ఆపైన ఉంటే స్కోలియోసిస్ అంటారు. చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. పరుగుల వీరుడు ఉసేన్ బోల్ట్‌కీ ఈ సమస్య ఉంది. టీనేజ్‌లో వంపు 45-50 డిగ్రీలు దాటితే సాధారణంగా సర్జరీ సూచిస్తారు. స్క్రూలు, రాడ్లతో వెన్నును వీలైనంత సరిచేసి, ఆ భాగంలోని పూసలన్నీ ఒకే ఎముకలా అతుక్కునేలా గ్రాఫ్ట్ పెడతారు.

స్లాబు గట్టిపడేదాకా సెంట్రింగ్ ఉంచుతారు కదా, రాడ్డు పనీ అలాంటిదే. కాకపోతే దీన్ని మామూలుగా తీయరు. ఎముక గట్టిగా అతుక్కోవడానికి 6 నుంచి 12 నెలలు పడుతుంది. అందుకే తొందరపడకూడదు. అతుక్కున్నాకేమో అనవసరంగా ఆగిపోకూడదు.

ఏది ఎప్పుడు?

డాక్టర్‌ను బట్టి, ఎన్ని పూసలు అతికించారన్నదాన్ని బట్టి తేడాలుంటాయి. సుమారుగా ఇలా ఉంటుంది:

* మొదటి వారాలు: నడకే వ్యాయామం. రోజూ కొంచెం పెంచాలి. వంగడం, బరువులెత్తడం, నడుము తిప్పడం వద్దు.
* 3 నెలల తర్వాత: గాయం పూర్తిగా మానితే, డాక్టర్ సరేనంటే ఈత, స్టేషనరీ సైకిల్.
* 3-6 నెలలు: జాగింగ్, షటిల్ లాంటి ఒకరినొకరు తాకని ఆటలు.
* 6-12 నెలలు: ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్. కబడ్డీ, కుస్తీ లాంటివి ఎక్స్‌రే చూశాకే.

నడుము కింది పూసల దాకా అతికిస్తే వంగడం బాగా తగ్గుతుంది. కాబట్టి తుంటి దగ్గర వంగడం నేర్చుకోవాలి. తొడ వెనక కండరాలు, పొట్ట కండరాలకు ఫిజియోథెరపిస్ట్ దగ్గర వ్యాయామాలు నేర్చుకోండి. జిమ్‌లో డెడ్‌లిఫ్ట్, యోగాలో శీర్షాసనం యూట్యూబ్ చూసి మొదలుపెట్టొద్దు. హఠాత్తుగా నొప్పి పెరిగినా, కాళ్లు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, జ్వరమొచ్చినా, గాయం నుంచి చీము కారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నంబర్ వన్ అయింది

అమెరికా గోల్ఫర్ స్టేసీ లూయిస్‌కి 11 ఏళ్లప్పుడు స్కోలియోసిస్ బయటపడింది. ఏడున్నరేళ్లు బ్రేస్ వేసుకుంది. అయినా 18 ఏళ్లకి సర్జరీ తప్పలేదు. వెన్నులో ఒక రాడ్డు, ఐదు స్క్రూలు. నడుము తిప్పకుండా గోల్ఫ్ ఆడలేం కదా! యూనివర్సిటీలో తొలి సీజన్ ఆడకుండా ఆగింది. 2007లో అమెరికా కాలేజీ చాంపియన్, 2013లో ప్రపంచ నంబర్ వన్ అయింది. మనమందరం చాంపియన్లు కాలేకపోవచ్చు. కానీ ఆమె ఆగాల్సినప్పుడు ఆగింది, ఆడాల్సినప్పుడు ఆడింది. అది మనమూ చేయొచ్చు.

ఉద్యోగాల మాటేంటి?

సైన్యం, పోలీసు లాంటి యూనిఫామ్ ఉద్యోగాల్లో మెడికల్ నిబంధనలు కఠినంగా ఉంటాయి. కోచింగ్‌కి డబ్బులు కట్టకముందే నోటిఫికేషన్‌లో వెన్నెముక గురించి ఏముందో చదవండి. మిగతా చోట్ల మెడికల్ ఫారంలో సర్జరీ గురించి అడిగితే దాచొద్దు. డిశ్చార్జ్ సమ్మరీ, తాజా ఎక్స్‌రే, డాక్టర్ ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఒకే ఫైల్లో పెట్టుకోండి. కూర్చుని చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగమైనా అరగంటకోసారి లేచి నడవాల్సిందే.

నాలుగోసారి అహోబిలం వెళ్లే ముందు డాక్టర్‌కి దారి ఫొటోలు చూపించాను. రెండు నెలలు రోజూ నడిచాను. చేతికర్ర పట్టుకుని, ఆగుతూ ఆగుతూ గుడి దాకా ఎక్కేశా. మర్నాడు పిక్కలు పట్టేశాయి. వెన్ను మాత్రం ఏమీ అనలేదు.

మీరూ ఈసారి చెకప్‌లో ‘ఆడొచ్చా సార్?’ అని అడిగి వచ్చేయకండి. ఏ ఆట, ఏ నెల నుంచి, ఎంతసేపు.. అన్నీ అడిగి రాసుకుని రండి.