ఫోనులో వదలని కంటైనర్లు

2019లో మన దేశంలో విపరీతంగా అమ్ముడైన రెడ్‌మీ నోట్ 7కు కంపెనీ అప్‌డేట్లు ఆగిపోయి చాలాకాలమైంది. తెర పగల్లేదు, కెమెరా పనిచేస్తోంది, బ్యాటరీ మార్పిస్తే ఇంకొన్నాళ్లు నడిచేలాగే ఉంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఎన్ని ఇళ్ల బీరువాల్లో ఇలాంటి ఫోన్లు మూలనపడి ఉంటాయో! వాటిని మళ్లీ బతికించే మార్గాల్లో ఉబుంటు టచ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి. కెనానికల్ కంపెనీ 2013లో దీన్ని ప్రకటించింది. స్పెయిన్‌కు చెందిన బీక్యూ 2015లో దీనితో మొదటి ఫోను అమ్మింది. 2017 ఏప్రిల్‌లో కెనానికల్ చేతులెత్తేస్తే, యూబీపోర్ట్స్ అనే స్వచ్ఛంద కార్యకర్తల బృందం పనిని అందుకుని ఇప్పటికీ నడిపిస్తోంది. వాళ్లు మద్దతిస్తున్న ఫోన్ల జాబితాలో రెడ్‌మీ నోట్ 7 కూడా ఉంది.

ఆండ్రాయిడ్ అడుగునా లైనక్స్ కెర్నెలే ఉంటుంది. అయితే ఉబుంటు టచ్‌లో టెర్మినల్ తెరిస్తే నిజంగా ఒక లైనక్స్ కంప్యూటర్ ఎదురవుతుంది. ఆ స్వేచ్ఛ వెంట ఒక చిక్కు కూడా వస్తుంది. ఈ వ్యవస్థలో మూల భాగాన్ని చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా బిగించి ఉంచుతారు. పట్టుబట్టి అందులోకి ఏదైనా ప్రోగ్రాము దించినా, తర్వాతి అప్‌డేట్‌తో అది తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే పెద్ద కంప్యూటర్ల ప్రోగ్రాములు కావాలంటే లిబర్టైన్ అనే పరికరంతో కంటైనర్ కట్టుకోవాలి. ఆండ్రాయిడ్ యాప్‌లు కావాలంటే వేడ్రాయిడ్ అనే మరో కంటైనర్. సరదాగా రెండూ పెట్టి చూసి, నచ్చక తీసేశాక కూడా, 32 గిగాబైట్ల ఫోనులో చోటు తిరిగి రాదు. ఐకాన్లు అలాగే ఉంటాయి. నొక్కితే తెరుచుకోవు, తీసేస్తే పోవు.

ఎందుకు పోవో తెలియాలంటే కంటైనర్ అంటే ఏమిటో ముందు చూడాలి. అది ఫోనులో దాగిన రెండో ఫోను కాదు. కెర్నెల్ ఒక్కటే. కొన్ని ప్రోగ్రాములకు మాత్రం లోకం వేరుగా కనిపించేలా అది ఏర్పాటు చేస్తుంది. ఈ ఆలోచనకు మూలం 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌లో వచ్చిన సీహెచ్‌రూట్: ఒక ఫోల్డర్‌ను చూపించి ‘ఇదే నీ ప్రపంచానికి మొదలు’ అని ప్రోగ్రామును నమ్మించడం. లైనక్స్‌లో 2002లో మౌంట్ నేమ్‌స్పేస్ వచ్చింది. ఒక్కో గుంపు ప్రోగ్రాములకు ఒక్కో ఫైళ్ల చెట్టును చూపించడం దాని పని. మెమరీ, ప్రాసెసర్ వాటాలు పంచే సీగ్రూప్స్‌ను గూగుల్ ఇంజనీర్లు 2006లో మొదలుపెట్టగా 2008లో అది కెర్నెల్‌లో కలిసింది. వీటన్నిటినీ ముడివేసిన ఎల్‌ఎక్స్‌సీ కూడా 2008లోనే వచ్చింది. వేడ్రాయిడ్ నడిచేది దానిమీదే.

గోదావరి పాయల మధ్య లంక ఎలా ఉంటుందో కంటైనర్ అలా ఉంటుంది. చుట్టూ నీళ్లున్నా అడుగున నేల ఒకటే. రాకపోకలకు కోటిపల్లి–ముక్తేశ్వరం లాంటి రేవు ఒకటి ఉంటుంది. కంటైనర్‌కు రేవు బైండ్ మౌంట్: మన అసలు ఫోల్డర్‌ను కంటైనర్ లోపల మరో చోట కూడా కనిపించేలా కలపడం. లోపలి ప్రోగ్రాములకు మన పత్రాలు, పాటలు, ఫొటోలు అందేలా లిబర్టైన్ ఆ ఫోల్డర్లను కలుపుతుంది. మిగతా వేటికీ దారి ఉండదు. అందుకే లోపల లిబ్రెఆఫీస్‌లో తెలుగు ఫైలు తెరిస్తే, ఫోనులో తెలుగు ఫాంట్లు ఉన్నా, అక్షరాల చోట డబ్బాలు కనిపించవచ్చు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్, ఉబుంటు భాండారాల్లో ఉన్నాయి. వాటిని కంటైనర్ లోపల విడిగా దించుకోవాలి. కంటైనర్ ఇలా తన సామాను తానే పోగేసుకుంటుంది కాబట్టే అంత చోటు తింటుంది.

అసలు ప్రమాదమంతా బైండ్ మౌంట్ దగ్గరే ఉంది. కంటైనర్ మొండికేస్తోందని విసుగొచ్చి, దాని ఫోల్డర్‌ను సూపర్ యూజర్ హోదాలో ఆర్‌ఎమ్ ఆదేశంతో బలవంతంగా చెరిపేస్తాం. ఆ సమయంలో లోపల బైండ్ మౌంట్ ఇంకా తెగకపోతే, చెరిపే పని దాని మీదుగా దాటి మన అసలు ఫొటోల మీదికి వచ్చేస్తుంది. చేతితో కట్టుకున్న సీహెచ్‌రూట్‌లలో ఈ నష్టం మరీ తేలిగ్గా జరుగుతుంది. ఒకే ఫైల్ సిస్టమ్ దాటకుండా చెరపమనే ఐచ్ఛికం ఆర్‌ఎమ్‌కు ఉంది కదా అని ధీమాపడకూడదు. బైండ్ మౌంట్ సాధారణంగా అదే ఫైల్ సిస్టమ్‌లోని మరో ఫోల్డరే కాబట్టి ఆ కాపలా దాన్ని పట్టుకోలేదు. ‘డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ’ అన్న సందేశం వస్తే చాలామంది దాన్ని అడ్డంకిగా చూస్తారు. నా దృష్టిలో అది ఫోను మనకు చేసే మేలు. ఇక్కడ ఇంకా ఏదో కలిసి ఉంది, ఆగి చూడు అని చెబుతోంది.

రెండో మొండితనం యాజమాన్యానిది. ఉబుంటు టచ్‌లో మన వాడుకరి పేరు ఫాబ్లెట్, సంఖ్య 32011. వేడ్రాయిడ్ లోపలి ఆండ్రాయిడ్ మాత్రం ఒక్కో యాప్‌కు 10000 నుంచి మొదలుపెట్టి ఒక్కో సంఖ్య ఇస్తుంది. ఆ యాప్‌లు రాసిన ఫైళ్లు మన హోమ్ ఫోల్డర్‌లోనే ఉన్నా మనవి కావు. అందుకే మామూలుగా చెరిపితే అనుమతి లేదంటుంది.

మూడోది చిట్టా. లిబర్టైన్ ఏ కంటైనర్ ఏ స్థితిలో ఉందో ఒక జేసన్ ఫైలులో రాసుకుంటుంది. కంటైనర్ కడుతుండగానో కూలుస్తుండగానో తెర ఆరిపోయి ఫోను నిద్రలోకి జారితే పని మధ్యలో ఆగుతుంది. ఫైళ్లు సగం పోయినా చిట్టాలో పేరు ఉండిపోతుంది, లేదా పేరు పోయి గిగాబైట్ల కొద్దీ ఫైళ్లు మిగులుతాయి. చెరిపిన ఫైలును ఏదైనా ప్రోగ్రాము ఇంకా తెరిచి పట్టుకుని ఉంటే, పేరు మాయమైనా చోటు ఖాళీ కాదు. ఆ ప్రోగ్రాము ఆగితేనే అవుతుంది.

కాబట్టి వరుస తప్పకూడదు. ఫోనును చార్జింగ్‌లో పెట్టి, తెర ఆరకుండా సెట్ చేయాలి. ఫొటోలు, పత్రాలు వేరేచోట దాచుకోవాలి. కంటైనర్‌లోని యాప్‌లన్నీ మూసి, కట్టిన పరికరంతోనే కూల్చాలి. లిబర్టైన్ కంటైనర్ మేనేజర్‌ను జాబితా అడిగి, అందులోని గుర్తింపు పేరు ఇచ్చి డిస్ట్రాయ్ ఆదేశం ఇవ్వాలి. వేడ్రాయిడ్‌కైతే ముందు సెషన్‌ను, తర్వాత కంటైనర్‌ను ఆపాలి. అప్పటికీ ఏదైనా మిగిలితే ఫోనును రీస్టార్ట్ చేయడం మంచిది. పట్టుకున్న ప్రోగ్రాములు ఆగుతాయి, తాత్కాలికంగా కలిపిన బైండ్ మౌంట్లు తెగుతాయి. తర్వాత ఫైండ్‌మౌంట్ ఆదేశంతో ఆ ఫోల్డర్ కింద ఏదీ కలిసి లేదని కళ్లారా చూసుకున్నాకే చేతితో చెరపాలి.

ఎక్కడ వెతకాలి? లిబర్టైన్ కంటైనర్ల శరీరం హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే క్యాష్ ఫోల్డర్‌లో ఉంటుంది. వాటి వాడుకరి సమాచారం, చిట్టా మాత్రం చుక్క లోకల్ కింద షేర్ ఫోల్డర్‌లో ఉంటాయి. ఒకటి చెరిపి రెండోది మరిచిపోవడం మామూలే. వేడ్రాయిడ్ మూల ఇమేజ్‌లు వార్ ఫోల్డర్‌లోని లిబ్ కింద వేడ్రాయిడ్ పేరుతోనే ఉంటాయి, గిగాబైటు పైమాటే. యాప్‌ల సమాచారం చుక్క లోకల్ కింద షేర్‌లోనూ, వదలని ఐకాన్లు దాని అప్లికేషన్స్ ఫోల్డర్‌లోనూ దొరుకుతాయి.

ఇంత వెతికేటప్పుడు వార్ కింద లిబ్‌లోని ఎల్‌ఎక్స్‌సీ ఫోల్డర్‌లో ఆండ్రాయిడ్ అనే పేరు కనిపించవచ్చు. అది వేడ్రాయిడ్ మిగిల్చిన చెత్త అనిపిస్తుంది, పేరు కూడా అలాగే ఉంది. దాన్ని ముట్టుకోకూడదు. ఆండ్రాయిడ్ కోసం తయారైన ఫోన్లలో ఉబుంటు టచ్ హేలియమ్ అనే పొర మీద నిలబడుతుంది. సిగ్నల్, కెమెరా, సెన్సర్ల కోసం తయారీదారు రాసిన డ్రైవర్ సేవలు నడిచేది ఆ కంటైనర్‌లోనే. అది పోతే కాల్ కలవదు.