వెన్న కాచడం వస్తే... కుక్కీ కుదిరినట్టే!

వేసవి సెలవులకి హాస్టల్ నుంచి వచ్చిన మా అమ్మాయి ఇంట్లో అడుగు పెట్టగానే ఒక కోరిక కోరింది. కొత్తావకాయా కాదు, పూర్ణాలూ కాదు. "సాల్టెడ్ కారమెల్ కుక్కీలు చెయ్యమ్మా. వెన్నని ఎర్రగా కాచి వెయ్యాలట. నా స్నేహితురాలు తెచ్చింది, ఎంత బాగున్నాయో!" అంది.

కేకులు, నానఖటాయీలు ఇంట్లో చేస్తున్న ధైర్యంతో సరేనన్నాను. తీరా చూస్తే వెన్న మాడింది. పంచదార పాకం రాయిలా బిగుసుకుంది. ఓవెన్‌లో పెట్టిన 12 కుక్కీలూ కరిగి, ఒకదానితో ఒకటి కలిసిపోయి పళ్లెం నిండా ఒకే అట్టు తయారైంది. అంత వెన్న, క్రీము, గుడ్లు, ఒక మధ్యాహ్నం మొత్తం... బూడిదలో పోసిన పన్నీరే!

వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో కూచుని ఇదంతా చూస్తున్న మా అత్తయ్యగారు అప్పుడు నోరు విప్పారు. "వెన్న కాస్తున్నానని నాతో అనలేదేమ్మా? ఏదో ఇంగ్లీషు వంటకం కదా అని ఊరుకున్నాను. మాడబోతున్న వాసన నాకు ఎప్పుడో తగిలింది."

నాకు సిగ్గనిపించింది. ఇంట్లోకి ఓవెన్ వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ దాని దరిదాపులకి రాలేదు. 'అవి మీ వంటలు' అని పక్కకి తప్పుకున్నారు. మేమూ రమ్మనలేదు. రెండు రోజులాగి ఆవిణ్ణి స్టవ్ పక్కనే కూచోపెట్టుకుని మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి కుదిరింది. ఎందుకు కుదిరిందో చెప్పడానికే ఇదంతా.

ఎక్కడిదీ ఉప్పు తీపి?

తీపిలో ఉప్పేమిటని ముఖం చిట్లించకండి. పాయసంలోనో, పూర్ణంలోనో చిటికెడు ఉప్పు వేసేవాళ్లు మనలోనూ ఉన్నారు. తీపి మొహం మొత్తకుండా ఉప్పు ఆపుతుంది. అయితే కారమెల్‌లో ఉప్పు కలపడం ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రాంతం వారి అలవాటు. పూర్వం ఫ్రాన్సు రాజులు ఉప్పు మీద 'గాబెల్' అనే పన్ను వేసేవారు. ఉప్పు పన్ను అనగానే మనకి 1930 నాటి దండి యాత్ర గుర్తొస్తుంది కదా, అక్కడి జనానికీ ఆ పన్నంటే అంతే మంట. కానీ బ్రిటనీకి మాత్రం దాన్నుంచి మినహాయింపు ఉండేది. మన చినగంజాం, నౌపడల్లో ఉన్నట్టే అక్కడ గెరాండ్‌లో ఉప్పు మడులు ఉన్నాయి. చేతికందే ఉప్పు కనుక వెన్నలో ధారాళంగా వేసుకునేవారు. 1790లో పన్ను రద్దయినా ఉప్పు వెన్న రుచి మాత్రం వారిని వదల్లేదు. 1977లో కిబ్రోన్ అనే ఊళ్లో దుకాణం తెరిచిన ఆన్రీ ల రూ అనే మిఠాయిల తయారీదారు ఉప్పు వెన్నతో చేసిన కారమెల్‌కి పేరు తెచ్చారు. ఆ రుచి దేశాలు దాటి, అమెరికా వారి మెత్తని కుక్కీలో చేరి, మా అమ్మాయి హాస్టల్ దాకా వచ్చిందన్నమాట!

వెన్న చెప్పే మాట వినండి

ఇక వెన్న సంగతి. దీన్ని ఫ్రెంచివారు 'హేజల్ నట్ వెన్న' అంటారు, ఆ గింజల్లాంటి రంగూ, వాసనా వస్తాయని. మనం నెయ్యి కాచినప్పుడు అడుగున ఎర్రగా మిగిలే గోకుడు ఉంటుందే, దాని కమ్మదనమే ఇది. కొందరిళ్లలో దాన్ని గసి అంటారు. చిన్నప్పుడు వెన్న కాచిన గిన్నెలో వేడన్నం కలిపి అమ్మ పెట్టిన ముద్ద ఎవరు మరిచిపోగలరు? తేడా ఒక్కటే. నెయ్యికి గోకుడు వడకట్టి తీసేస్తాం, ఇక్కడ ఆ గోకుడే ప్రాణం. వెన్నలో ఉన్న కాసిన్ని పాల మాంసకృత్తులు, పాల చక్కెర వేడికి కలిసి ఆ రంగు, వాసన ఇస్తాయి.

అత్తయ్యగారు నన్ను గిన్నెలోకి చూడటం మానెయ్యమన్నారు. "చెవి పెట్టమ్మా" అన్నారు. వెన్న కరిగాక చిటపటలాడుతుంది. అది అందులోని నీరు మరుగుతున్న చప్పుడు. అంగట్లో దొరికే వెన్నలో ఇంచుమించు ఆరో వంతు నీరే. ఆ నీరు ఆవిరై చప్పుడు సన్నగిల్లగానే మంట తగ్గించాలి. సన్నని నురుగు పైకొస్తుంది. వేయించిన జీడిపప్పు వాసన వస్తుంది. అడుగున రవ్వలు గోధుమ రంగుకి తిరుగుతాయి. ఆ క్షణంలోనే పొయ్యి ఆపి, రవ్వలతో సహా వేరే గిన్నెలోకి వంపేయాలి. గిన్నె వేడికి అర నిమిషంలో మాడిపోతుంది మరి! మొదటిసారి నేను ఆపడమైతే ఆపాను గానీ, వెన్న వంపకుండా ఫోనెత్తాను. పైగా నల్లటి నాన్‌స్టిక్ గిన్నెలో రంగు తెలియదు. స్టీలుదైతే మేలు.

ఇంట్లో చిలికి తీసిన వెన్న వాడొచ్చా అంటే, నిక్షేపంగా వాడొచ్చు. కాకపోతే మనం దాన్ని రెండు మూడు నీళ్లతో కడుగుతాం కనుక రవ్వ తక్కువ పడుతుంది. నురుగు తగ్గాక ఒక చెంచా పాలపొడి వేసి కలపండి, లోటు తీరుతుంది. కొన్న వెన్నయితే ఉప్పు లేనిదే తీసుకోండి. ఉప్పు మన చేతిలో ఉండాలి.

పాకం మనకి కొత్తా?

కారమెల్ అంటే భయపడతాం గానీ అరిసెలు చేసే చేతికి అదేమంత పని? చల్లటి నీళ్లలో చుక్క వేసి చూడటం మనకి తెలిసిందే. అరిసెల పాకంలో మెత్తటి ఉండ వస్తే చాలు. ఈ కారమెల్‌కి అంతకంటే కాస్త గట్టి ఉండ కావాలి. పల్లీ చిక్కీ పాకంలా టంగుమని మోగేదాకా పోనిస్తే పళ్లకి ముప్పే. నా మొదటి పాకం సరిగ్గా అక్కడికే పోయింది!

కావలసినవి (16 కుక్కీలకి)

కారమెల్‌కి: పంచదార 100 గ్రాములు, వెన్న 30 గ్రాములు, తాజా క్రీము 60 మిల్లీలీటర్లు, ఉప్పు అర చెంచా.

పిండికి: వెన్న 170 గ్రాములు (కాచాక ఇంచుమించు 140 గ్రాములకి దిగుతుంది), బ్రౌన్ షుగర్ 150 గ్రాములు, పంచదార 50 గ్రాములు, గుడ్డు ఒకటి, మరో గుడ్డులోని పచ్చసొన, వెనిలా ఎసెన్సు ఒక చెంచా, మైదా 220 గ్రాములు, వంటసోడా అర చెంచా, ఉప్పు పావు చెంచా. పైన చల్లడానికి పొడి చేసిన కల్లుప్పు కొంచెం.

బ్రౌన్ షుగర్ దొరక్కపోతే జల్లించిన పొడి బెల్లం వాడండి. గుడ్డు తిననివారు మూడు పెద్ద చెంచాల చిక్కటి పాలు పోసుకోవచ్చు. మెత్తదనం కాస్త తగ్గుతుందంతే.

చేసే విధానం

ముందు కారమెల్. దళసరి గిన్నెలో పంచదార ఒక్కటే వేసి సన్నసెగ మీద కరగనివ్వండి. తేనె రంగు దాటి కాస్త ఎరుపెక్కాక వెన్న వేసి, గోరువెచ్చని క్రీము కొంచెం కొంచెంగా పోయండి. బుస్సుమని పొంగుతుంది, ముఖం దూరంగా పెట్టండి. ఉప్పు వేసి కలుపుతూ గట్టి ఉండ వచ్చేదాకా ఉడికించి, నెయ్యి రాసిన పళ్లెంలో పోసి ఆరనివ్వండి. చల్లారాక 16 చిన్న ముక్కలు కోయండి.

కాచిన వెన్న పూర్తిగా చల్లారాక చక్కెరలు వేసి గిలక్కొట్టండి. గుడ్డు, పచ్చసొన, వెనిలా వేసి మళ్లీ కలపండి. జల్లించిన మైదా, సోడా, ఉప్పు వేసి, పొడి కనిపించకుండా కలిస్తే ఆపేయండి. మూతపెట్టి ఫ్రిజ్‌లో కనీసం రెండు గంటలు ఉంచండి. రాత్రంతా ఉంచితే ఇంకా రుచి. ఈ మెట్టు దాటెయ్యబట్టే మా కుక్కీలు అట్టయ్యాయి. ఏప్రిల్ ఎండల్లో, వేడి వెన్నతో కలిపిన పిండి ఓవెన్‌లోకి వెళ్లగానే కరిగి పారకేం చేస్తుంది?

నిమ్మకాయంత ఉండలు చేసి, మధ్యలో కారమెల్ ముక్క పెట్టి పూర్ణంలా మూసేయండి. బయటికి కనిపిస్తే కారి పళ్లేనికి అంటుకుంటుంది. బటర్ పేపర్ మీద ఎడంగా పేర్చి, నాలుగు కల్లుప్పు రవ్వలు చల్లి, ముందుగా వేడెక్కిన ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 10 నుంచి 12 నిమిషాలు ఉంచండి. అంచులు ఎర్రబడి మధ్యలో ఇంకా మెత్తగా ఉండగానే తీసేయాలి. చల్లారితే అవే గట్టిపడతాయి. గాలి చొరని డబ్బాలో నాలుగైదు రోజులు నిలవుంటాయి.

ఒక్క జాగ్రత్త

మరిగే నీళ్ల వేడి 100 డిగ్రీలు. పంచదార ఎర్రగా కరిగేది 160 దాటాకే. పైగా చర్మానికి అంటుకుని వదలదు. పాకం పెట్టినంతసేపూ పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి, వేలితో రుచి చూడకండి. ఒకవేళ చురుక్కుమంటే వెంటనే కుళాయి కింద చల్లటి నీటి ధారలో 20 నిమిషాలు ఉంచండి. ఐసు, టూత్‌పేస్టు, సిరా, వెన్న... ఏవీ రాయకండి. బొబ్బ పెద్దదైతే డాక్టరుకి చూపించాల్సిందే.

రెండోసారి కుక్కీలు బయటికి వచ్చినప్పుడు మొదటి ముక్క అత్తయ్యగారికే ఇచ్చాం. షుగరు ఉందని సగమే తీసుకున్నారు. కాసేపు నమిలి, "ఏముందే ఇందులో? అరిసె ఇంగ్లీషు నేర్చుకుంది, అంతేగా!" అన్నారు. మా అమ్మాయి పడీపడీ నవ్వింది. హాస్టల్‌కి వెళ్తూ డబ్బా మీద 'మామ్మ కుక్కీలు' అని రాసుకుంది.

ఇప్పుడు ఓవెన్ వెలిగించబోతే ఆవిడే కుర్చీ జరుపుకుని వస్తున్నారు. మీ ఇంట్లోనూ చప్పుడు విని వెన్న కాచే పెద్దావిడ ఉంటే, ముందు ఆవిణ్ణి పిలవండి. ఓవెన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఏమంటారు?