చిన్న నావ వేటకు పోటు లెక్క తప్పనిసరి

అరెకరం, ఎకరం సాగుతో పాటు చిన్న నావ మీద కూడా ఆధారపడే తీర గ్రామాల సోదరులకు కాకినాడ అఖాతం ఆదరువు. అయితే పోటు, గాలి లెక్క తెలియకుండా దిగితే వల, నావ, ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

అఖాతం తీరు: గోదావరి ఒండ్రు, ఇసుక మేటవేసి సుమారు 16 కిలోమీటర్ల పొడవున హోప్ ఐలాండ్ ఏర్పడింది. ఇది పెద్ద అలలను అడ్డుకుంటుంది కనుక లోపల నీరు నెమ్మదిగా ఉంటుంది. కానీ ఒండ్రు చేరి చాలాచోట్ల లోతు తక్కువ.

పోటు లెక్క: రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈరోజు తెల్లవారుజామున 4 గంటలకు నిండితే, రేపు 4.50కి నిండుతుంది. అమావాస్య, పౌర్ణమి తర్వాత పోటు బలంగా, అష్టమి తర్వాత మందంగా ఉంటుంది. పోటుతో మేతకు మడ కాలువల్లోకి ఎక్కిన చేపలు పాటుతో దిగుతాయి. నీరు తీయడం మొదలైన మూడో, నాలుగో గంటల్లోనే దాదాపు సగం దిగిపోతుంది. కాబట్టి మొదటి రెండు గంటల్లోపే కాలువ నుంచి బయటపడాలి. ఆలస్యమైతే మళ్ళీ పోటు వచ్చేదాకా నావ బురదలోనే!

గాలి: అఖాతం ముఖం ఉత్తరానికి ఉంది. ఈశాన్య గాలి వీచేటప్పుడు, దిగే నీరు గాలికి ఎదురై ముఖద్వారం దగ్గర అలలు నిటారుగా లేస్తాయి. ఆ వేళ చిన్న నావ అటు పోరాదు.

మండపీతలు: గుడ్లున్న పీతను, పిల్ల పీతను నీటిలో వదిలేయండి. గుల్ల విడిచి మెత్తగా ఉన్నదానికి ధర పలకదు. కోరింగ అభయారణ్యం పరిధిలో అటవీ శాఖ నిబంధనలు పాటించాలి.

నిషేధం: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజను బోట్ల వేటకు సెలవు. చేపలు గుడ్లు పెట్టే కాలమిది. వలలు, నావలు బాగుచేసుకోవడానికి ఇదే అదును.

ప్రమాద సూచికలు: రేవులో ఒకటో నెంబరు ఎగరేస్తే దూరాన సముద్రంలో వాయుగుండం ఉందని అర్థం. మూడో నెంబరు అంటే రేవుకే ఈదురుగాలుల ముప్పు. 1996 నవంబరు 6 తుపానులో వేటకెళ్ళిన ఎందరో తిరిగి రాలేదు. ఒకటో నెంబరు చూసినప్పుడే నావను గట్టున కట్టేయండి. ఒకరోజు వేట పోతే మళ్ళీ దొరుకుతుంది.