కొండలు బాగున్నాయి, మనుషులేరీ?



బళ్ళారి, హోసూరు, బరంపురం, షోలాపురం, యానాం, ఏ ఊరు తీసుకున్నా మనకు తెలిసినవాళ్ళలో ఒకరిద్దరి పిల్లలు ఇంగ్లండులో ఉద్యోగం చేస్తూ ఉంటారు. రమ్మని టిక్కెట్టు పంపుతారు. మనం వెళ్తాం. పదిహేను రోజుల్లో లండన్ చూడటం అయిపోతుంది. ఆ తర్వాత పిల్లలు ఆఫీసులకు పోతే పెద్దవాళ్ళం కిటికీలోంచి వాన చూస్తూ కూర్చుంటాం. అది చూడలేక వాళ్ళు "స్కాట్లండ్ వెళ్ళి రండి, బస్సు టూర్లున్నాయి, గైడ్ ఉంటాడు, మీకేం శ్రమ ఉండదు" అంటారు. ఆ మాట విని బయలుదేరబోయే వారి కోసమే ఈనాటి ప్రసంగం. శ్రమ ఉండదన్న మాట నిజం కాదు. చూడవలసిన చోటన్న మాట మాత్రం నిజమే.

మేము మొదటిసారి చేసిన పొరపాటు ముందుగా చెప్పేస్తాను. ఎడింబరో నగరం నుంచి ఒక్క రోజులో హైలాండ్స్, అంటే ఉత్తరాన ఉన్న కొండసీమంతా చూపించి రాత్రికి తిరిగి దింపుతామన్న ఒక పెద్ద బస్సు ఎక్కాం. పన్నెండు గంటల ప్రయాణంలో కాలు నేల మీద పెట్టింది రెండు గంటలుంటుందేమో! నెస్ సరస్సు దగ్గర గంటసేపు ఆపారు. అందులో ముప్పావుగంట టీకీ మరుగుదొడ్డికీ వరుసలో నిలబడటంతోనే సరిపోయింది. మైకులో చెప్పిందంతా సరస్సులో రాక్షసి ఉందన్న కథ, ఏ కొండ ఏ సినిమాలో కనిపించిందన్న కథ. రాత్రి గదికి చేరాక మా ఆవిడ, "కొండలు బాగున్నాయి గాని, మనుషులేరండీ?" అంది. ఆ ప్రశ్న ఆ గైడును అడగాలని నాకూ తోచలేదు. రెండేళ్ళ తర్వాత అయిదు రోజుల టూరులో మళ్ళీ వెళ్తే గాని దానికి జవాబు దొరకలేదు.

మ్యాపులో స్కాట్లండు చాలా చిన్నది. బళ్ళారి నుంచి బెంగుళూరుకు ఎంత దూరమో, అటూ ఇటూగా అంతే కదా అనుకుంటాం. ఎడింబరో నుంచి స్కై దీవిలోని పోర్ట్రీ పట్నానికి రోడ్డు మీద సుమారు 375 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా పోయినా అయిదారు గంటలు పడుతుంది. ఆగుతూ చూస్తూ పోతే పొద్దున బయలుదేరిన బస్సు చీకటి పడేవేళకు చేరుతుంది. చీకటి పడేవేళ అని అలవాటుగా అన్నాను. జూన్ నెలలో అక్కడ రాత్రి పది దాటినా వెలుగుంటుంది. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నరకే సూర్యుడు దిగిపోతాడు. అందుకే వెళ్ళేదేదో మే నుంచి సెప్టెంబరు లోపల వెళ్ళండి.

దీవుల్లో చాలా రోడ్లు ఒకే ఒక బండి పట్టేటంత ఇరుకు. అక్కడక్కడా రోడ్డును కాస్త వెడల్పు చేసి, ఎదురుగా వచ్చే బండికి తప్పుకోవడానికి చోటు విడిచి ఉంచుతారు. ఎవరు ముందు ఆగాలన్నది డ్రైవర్లిద్దరూ చేయెత్తి తేల్చుకుంటారు. హారను మోగదు. అది చూసి మా ఆవిడ చాలా ఆశ్చర్యపోయింది. ఇలాంటి రోడ్ల మీదికి యాభై మంది కూర్చునే బస్సులు పోలేవు. కాబట్టి పదహారు సీట్ల చిన్న బస్సులు నడిపే కంపెనీని చూసుకోండి. అక్కడ డ్రైవరే గైడు. బండి నడుపుతూనే మెడకు తగిలించుకున్న మైకులో మాట్లాడతాడు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పేందుకు అతనికి తీరిక ఉంటుంది. ఆ తీరికకే మనం డబ్బిచ్చేది అని నా అభిప్రాయం.

టిక్కెట్టు కొనే ముందు ధరలో ఏమేం కలిసి ఉన్నాయో చదవండి. చాలా కంపెనీల్లో బస్సు, గైడు మాత్రమే ఆ ధరలోకి వస్తాయి. రాత్రి బస, భోజనం, కోటల ప్రవేశ రుసుము వేరే. దీవులకు పోయే ఫెర్రీ చార్జీ కలిసిందో లేదో ప్రత్యేకంగా అడగండి. స్కై దీవిలో వేసవి నెలల గదులు కొన్ని నెలల ముందే నిండిపోతాయి. సామాను మనిషికొక చిన్న సంచీ మాత్రమే రానిస్తారు. చిన్న బస్సులో మరుగుదొడ్డి ఉండదు. రెండు గంటలకోసారి ఆపుతారు గాని, షుగరు ఉన్నవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు మొదటిరోజే గైడు చెవిన ఒక మాట వేసి ఉంచితే మొహమాట పడనక్కరలేదు. ఇంగ్లండుకు తీసుకున్న విజిటర్ వీసాతోనే స్కాట్లండుకూ వెళ్ళవచ్చు, వేరే వీసా అక్కరలేదు.

గొడుగు ఇంట్లోనే వదిలేయండి. ఆ గాలికి మొదటి పూటే తిరగబడుతుంది. టోపీ ఉన్న వానకోటు, తడిసినా జారని బూట్లు, ఒక స్వెట్టరు, ఇవి జూలైలో కూడా కావాలి. వేసవిలో గాలి ఆగిన సాయంత్రాలు ఆవగింజంత కూడా లేని కుట్టే పురుగులు గుంపులుగా వస్తాయి. మిడ్జ్ అంటారు. గాలి వీస్తే అవి లేవవు. కాబట్టి గాలిని తిట్టుకోకండి.

ఇక దారి సంగతి. మొదటిరోజు మనసును పట్టి ఆపే చోటు గ్లెన్‌కో లోయ. రెండు పక్కలా నల్లని కొండలు, నడుమ రోడ్డు. 1692 ఫిబ్రవరి 13 తెల్లవారుజామున ఇక్కడ మెక్‌డొనాల్డ్ తెగవారిని ప్రభుత్వ సైనికులు చంపారు. కొత్త రాజుకు విధేయత ప్రమాణం చెప్పడంలో ఆ తెగ పెద్ద కొద్ది రోజులు ఆలస్యం చేశాడన్నది చూపిన కారణం. చనిపోయినవారు 38 మందని సాధారణంగా చెబుతారు. మంచులోకి పారిపోయి ప్రాణం విడిచినవారు వేరే. ఆ సైనికులు అంతకు ముందు పన్నెండు రోజులు వాళ్ళ ఇళ్ళలోనే అతిథులుగా ఉన్నారు. వాళ్ళు పెట్టిన అన్నమే తిన్నారు. మూడు వందల ఏళ్ళు దాటినా ఆ లోయవాళ్ళు మరిచిపోనిది ఆ అన్నం సంగతే.

స్కై దీవికి 1995లో వంతెన వేశారు. మొదట్లో దాని మీద టోలు వసూలు చేసేవారు. దీవివాళ్ళు కట్టమని ఏళ్ళ తరబడి పోరాడి 2004లో దాన్ని తీసివేయించారు. స్కైలో అందరూ ఫోటోలు తీసుకునే స్టార్ శిఖరం, క్విరాంగ్ కొండచరియలు ఎలాగూ చూపిస్తారు. నేను వాటి గురించి ఎక్కువ చెప్పను. మాకు గుర్తుండిపోయింది వేరొకటి. రెండోరోజు సాయంత్రం ఒక సముద్రపు పాయ ఒడ్డున బస్సు ఆగింది. ఎండ ఏటవాలుగా పడుతోంది. అవతలి వాలు మీద ఒక్క ఇల్లు లేదు, గొర్రెలు మేస్తున్నాయి. మా ఆవిడ కాసేపు చూసి, "ఏమండీ, అవి బోదెలు కదూ?" అంది. ఆమె రైతు బిడ్డ. చూస్తే నిజమే! కొండవాలు పొడవునా బోదె, కాలువ, బోదె, కాలువ, గడ్డి కింద నీడలుగా కనిపిస్తున్నాయి. ఇంగ్లీషులోకి మార్చి గైడును అడిగాను. అతను బస్సు ఇంజను ఆపేశాడు.

అవి పాతకాలపు బంగాళాదుంప మళ్ళు. సముద్రపు నాచు ఎరువుగా వేసి, చేత్తో తవ్వి చేసిన బోదెలు. అక్కడ ఊళ్ళుండేవి. ఆ పాయ అవతల ఉన్న సుయిష్నిష్ అనే ఊరినీ దాని పక్కనున్న బొరెరైగ్ అనే ఊరినీ 1853లో ఖాళీ చేయించారు. భూమి జమీందారుది. కౌలుదార్లిచ్చే శిస్తు కంటే గొర్రెల వల్ల వచ్చేది ఎక్కువ. పద్దెనిమిదో శతాబ్దం చివర మొదలై పందొమ్మిదో శతాబ్దం మూడు వంతులు గడిచే దాకా హైలాండ్స్ అంతటా ఇదే జరిగింది. సదర్లండ్ జమీనులో 1814లో ఇళ్ళకు నిప్పు పెట్టించిన అధికారి మీద 1816లో కేసు నడిచి, నిర్దోషిగా బయటపడ్డాడు. ఇల్లు పోయినవాళ్ళు కొందరు సముద్రపుటొడ్డుకు, కొందరు గ్లాస్గో మిల్లులకు, ఎందరో ఓడలెక్కి కెనడాకు, ఆస్ట్రేలియాకు పోయారు. ఈనాడు మనం టిక్కెట్టు కొని చూసే నిర్మానుష్యమైన అందం చాలాచోట్ల మనుషులు చేసిన ఖాళీయే. మీ గైడు దాన్ని తనంతట తాను చెప్పకపోతే, మీరే అడగండి.

ఆ కథలో మనకు తెలిసిన పేరొకటి వస్తుంది. 1882లో స్కైలోని బ్రేస్ అనే పల్లెలవాళ్ళు తమ మేత కొండను తిరిగి ఇవ్వమని అడిగి, కోర్టు నోటీసులను తగలబెట్టి, గ్లాస్గో నుంచి వచ్చిన పోలీసులను రాళ్ళతో ఎదిరించారు. ఆడవాళ్ళే ముందు నిలబడ్డారంటారు. మరుసటి ఏడు ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని వేసింది. దాని అధ్యక్షుడు లార్డ్ నేపియర్. 1866 నుంచి 1872 వరకు మద్రాసు గవర్నరుగా పనిచేసినాయనే! ఆనాడు బళ్ళారి, హోసూరు, గంజాం అన్నీ ఆయన ఏలుబడిలోవే. సంఘం ముందు నిలబడ్డ మొదటి సాక్షి, నేను నిజం చెబితే నా భూమిలోంచి వెళ్ళగొట్టరని ముందు మాట ఇవ్వండి, అప్పుడే చెబుతానన్నాడు. 1886లో వచ్చిన చట్టంతో, సరిగా శిస్తు కడుతున్నంత కాలం చిన్న కమతం రైతును కదిలించే వీలు లేకుండా పోయింది. ఈనాడు స్కైలో, దీవుల్లో మీకు కనబడే ఇళ్ళలో ఎన్నో ఆ చట్టం నీడన నిలిచినవే.

స్కై నుంచి ఫెర్రీలో గంటా నలభై నిమిషాలు పడమటికి పోతే హారిస్, దానికి అతుక్కునే లూయిస్. పేర్లు రెండు గాని నేల ఒకటే. సముద్రం బాగా లేకపోతే ఫెర్రీ ఆగిపోతుంది, దానికి ఎవరినీ తప్పు పట్టలేం. టూరు అయిన మరునాడే విమానం ఉండేలా పెట్టుకోకండి.

షోలాపురం, భివండీ శ్రోతలు హారిస్‌లో తప్పక ఒక మగ్గం చూసి రావాలి. హారిస్ ట్వీడ్ అన్న ఉన్ని గుడ్డకు 1993లో పార్లమెంటు చట్టమే చేసింది. ఆ దీవులవాళ్ళు, తమ ఇళ్ళలో, కాళ్ళతో తొక్కే మగ్గం మీద నేసిన గుడ్డకే ఆ పేరు. ఉన్నికి రంగు వేయడం, నూలు వడకడం కూడా దీవుల్లోనే జరగాలి. ఫ్యాక్టరీలో నేస్తే ఆ ముద్ర పడదు. ఇంటి వెనక రేకుల కొట్టంలో మగ్గం చప్పుడు వింటుంటే, పద్మశాలీ వీధిలో నిలబడ్డట్టే ఉంటుంది.

లూయిస్‌లో కాలనిష్ అనే చోట దాదాపు 5,000 ఏళ్ళ కిందట నిలబెట్టిన రాళ్ళ వలయం ఉంది. ఆ రాయి వయసు 300 కోట్ల ఏళ్ళ దాకా చెబుతారు. మన దక్కను బండలకు ఈడైనదన్నమాట. ఆదివారం అక్కడ చాలా దుకాణాలు మూసి ఉంటాయి. స్టోర్నోవే రేవు నుంచి ఆదివారం ఫెర్రీ నడవడం 2009లో గాని మొదలుకాలేదు. శనివారమే తిండి కొని పెట్టుకోండి.

రోడ్డు పక్క ఊరి పేర్లు రెండు భాషల్లో ఉంటాయి. పైన గేలిక్, కింద ఇంగ్లీషు. మనవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. బాగేపల్లి పేరులోనే తెలుగుంది, బోర్డు ఏ లిపిలో ఉన్నా సరే. 1872లో వచ్చిన విద్యాచట్టం గేలిక్ ఊసే ఎత్తలేదు. బడిలో ఆ భాష మాట్లాడిన పిల్లలను కొట్టేవారు. ఇప్పుడు దానికి కళాశాల ఉంది, రేడియో ఉంది, 2008 నుంచి టెలివిజన్ ఉంది. 2025లో స్కాటిష్ పార్లమెంటు దానికి అధికార హోదా ఇస్తూ చట్టం చేసింది. అయినా 2022 జనాభా లెక్కల్లో ఈ పడమటి దీవుల్లోనే మాట్లాడేవారు సగం కంటే తగ్గిపోయారు. మా గైడు, "మా అమ్మ గేలిక్‌లో తిట్టేది, నేను ఇంగ్లీషులో జవాబిచ్చేవాణ్ణి" అన్నాడు నవ్వుతూ. బస్సులో నవ్వనిది మేమిద్దరమే.

కైఫీయతుల పేరు విన్నవారికి కర్నల్ కాలిన్ మెకంజీ పేరు తెలిసే ఉంటుంది. ఆయన 1754లో స్టోర్నోవేలో పుట్టాడు. అక్కడే సుంకం కచేరీలో పని చేసి 1783లో మద్రాసుకు వచ్చాడు. ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఆయనకు కుడిభుజాలు. వాళ్ళూ వాళ్ళ మనుషులూ దత్తమండలాల్లో, అంటే బళ్ళారి, అనంతపురం, కడప సీమల్లో ఊరూరా తిరిగి, కరణాల చేత, పెద్దల చేత గ్రామ చరిత్రలు చెప్పించి రాసుకున్నారు. అవే కైఫీయతులు. మెకంజీ 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో కలకత్తా దగ్గర చనిపోయాడు. వచ్చిన తర్వాత మళ్ళీ పుట్టిన దీవి ముఖం చూడలేదు.

స్టోర్నోవేకు కొద్ది దూరంలో ఐగ్నిష్ అనే చోట, సముద్రం అంచున, కప్పు లేని పాత చర్చి శ్మశానంలో ఆ కుటుంబం సమాధి ఉంది. మామూలు టూరులో అక్కడ ఆపరు. గైడును ముందురోజే అడిగితే, మిగతా ప్రయాణికులు సరేనన్నారు. మా ఆవిడ పుట్టినూరు రాయదుర్గం వైపు ఒక పల్లె. దాని కైఫీయతు కూడా ఆ మెకంజీ దఫ్తరంలోదే. ఆ సంగతి చెప్పగానే గైడు ఆ ఊరి పేరు మళ్ళీ చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. అతను రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారికి 'ళ' పలికాడు. తర్వాత ఆమె, నీ ఊరి పేరు మీ భాషలో ఎలా అంటారో చెప్పు బాబూ అని అతన్ని అడిగింది. గాలి ఎక్కువగా ఉంది. అతను దగ్గరికి వచ్చి, వంగి, ఆమె చెవిలో గట్టిగా చెప్పాడు.