వీపు మీద దొరికిన ఐజీఈ

పొద్దున లేవగానే వరసగా పది తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద. మీ ఇంట్లో ఎవరో ఒకరికి ఈ బాధ ఉండే ఉంటుంది. డాక్టరు రక్తపరీక్ష రాస్తే రిపోర్టులో ‘టోటల్ ఐజీఈ’ అని ఒక అంకె వస్తుంది. అది ఎక్కువుందని తెలియగానే పిల్లాడికి గుడ్డు, పాలు, వంకాయ ఒక్కొక్కటిగా బంద్! ఇంతకీ ఆ ఐజీఈ ఏమిటో, దాన్ని ఎలా పట్టుకున్నారో తెలుసా? దాని వెనక ఒక జపాను డాక్టర్ల జంట ఉంది.

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. 1921లో జర్మనీలో కార్ల్ ప్రాస్నిట్జ్, హైంజ్ కుస్ట్నర్ అనే ఇద్దరు వైద్యులు ఒక విచిత్రమైన పని చేశారు. కుస్ట్నర్‌కు చేప పడదు. ఆయన రక్తం నుంచి తీసిన సీరమ్‌ను ప్రాస్నిట్జ్ తన చర్మంలోకి ఎక్కించుకున్నారు. మర్నాడు అదే చోట చేప సారం ఎక్కిస్తే దద్దురు లేచింది. అంటే అలర్జీ తెప్పించేదేదో రక్తంలోనే ఉంది. కానీ అది ఏమిటో తేలడానికి మరో 45 ఏళ్లు పట్టింది.

కిమిషిగె ఇషిజాకా 1925లో టోక్యోలో పుట్టారు. భార్య తెరుకో కూడా డాక్టరే, పరిశోధకురాలే. 1960ల్లో ఇద్దరూ అమెరికాలోని డెన్వర్‌లో, పిల్లల ఆస్తమా పరిశోధన సంస్థలో పనిచేశారు. అక్కడివాళ్లను తుమ్ములతో వేధించే రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పుప్పొడిని పరీక్షకు ఎంచుకున్నారు. మన బంజరు భూముల్లో విచ్చలవిడిగా పెరిగే వయ్యారిభామకు అది దగ్గరి చుట్టమే లెండి.

అప్పటికి చాలామంది అనుమానం ఐజీఏ అనే యాంటీబాడీ మీద ఉండేది. వీళ్లు రోగుల సీరమ్ నుంచి ఐజీఏను తీసేసి చూశారు. అలర్జీ గుణం పోలేదు. తెలిసిన మిగతా యాంటీబాడీలదీ అదే తీరు. దాంతో ఇదేదో కొత్తదే అయ్యుండాలని అర్థమైంది. చిక్కల్లా అది రక్తంలో బహు స్వల్పంగా ఉండటమే. అప్పటి పరికరాలకు అది అందదు. మనిషి చర్మానికి మాత్రం తెలిసిపోతుంది. అందుకే ఇషిజాకా తన వీపునే పరీక్షా పలక చేసుకున్నారు. సూది గుచ్చిన చోట దద్దురు వస్తే ఆ పదార్థం ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. ఇంకొకరి సీరమ్‌తో కామెర్ల వంటివి అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఇవాళ ఎవరూ అలా చేయరు, చేయకూడదు కూడా.

1966లో ఫలితాలు బయటికొచ్చాయి. ఇంచుమించు అదే సమయంలో స్వీడన్‌లో జొహాన్సన్, బెన్నిక్ అనే ఇద్దరు వేరే దారిలో వెళ్లి అదే పదార్థాన్ని పట్టుకున్నారు. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సమావేశంలో దానికి ఐజీఈ అని పేరు ఖాయమైంది.

తర్వాతి కథలో తెరుకోది పెద్ద వాటా. ఐజీఈ వెళ్లి మాస్ట్ కణాల మీద కాపు కాస్తుంది. పుప్పొడి తగలగానే ఆ కణాలు హిస్టమిన్‌ను వదులుతాయి. తుమ్ములు, దురద, దద్దుర్లు దాని పనే. ఇది ఎలా జరుగుతుందో చాలావరకు విడమరిచి చూపింది ఈ దంపతులే. ఐజీఈనే అడ్డుకునే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్‌కు అమెరికాలో 2003లో అనుమతి వచ్చింది. తీవ్రమైన అలర్జీ ఆస్తమా ఉన్నవారికి దాన్ని ఇస్తున్నారు. అప్పటికి ఇషిజాకా దంపతులు రిటైరై జపాన్‌లోని యమగాతాలో స్థిరపడ్డారు. ఆయన 2018లో, ఆమె 2019లో కన్నుమూశారు.

ఇక మీ రిపోర్టు సంగతి. కడుపులో నులిపురుగులున్నా టోటల్ ఐజీఈ పెరుగుతుంది. అది మామూలుగా ఉన్నా అలర్జీ ఉండొచ్చు. ఫలానా ఆహారానికి ఐజీఈ కనిపించినంత మాత్రాన అది పడదని కాదు. తింటే ఏమవుతోంది, ఎంతసేపట్లో అవుతోంది అన్నది చూడాలి. ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేకుండా గుడ్డు తిన్న పిల్లాడికి కేవలం ఆ అంకె చూసి మాన్పించకండి. అదే ఏదైనా తిన్న కాసేపటికే పెదాలు వాచి, ఆయాసం వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చర్మం మీద సూదితో చేసే ప్రిక్ టెస్ట్‌కు వెళ్తుంటే, తుమ్ములకు వాడే మాత్రలను కొద్దిరోజుల ముందే ఆపాల్సి ఉంటుంది. ఎన్ని రోజులన్నది డాక్టర్ని అడిగే వెళ్లండి.