తుమకూరా, అనంతపురమా?

పరీక్షాఫలితములు వెలువడిన వారమునుండి మా పాఠశాలకు వచ్చు తలిదండ్రులు అడుగు ప్రశ్న ఒక్కటే: "అయ్యవారూ, మావాణ్ణి తుమకూరు పంపేదా, అనంతపురం పంపేదా?" నిలుచుండి రెండు మాటలలో చెప్పదగిన సమాధానము కాదు గనుక ఇచ్చట కొంత వివరముగా వ్రాయుచున్నాను.

పావగడ తాలూకాకు మూడు వైపుల ఆంధ్రదేశమే. రాయచెర్లునుండి తుమకూరు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. అనంతపురము అంతకంటె చేరువ. అచ్చట బజారులోను, హాస్టలులోను వినవచ్చునది మన యింటి మాటయే. కనుక అనంతపురమే మేలని మీకు తోచుట సహజము. విద్యాలయముల స్థాయినిబట్టి చూచినను సంకోచింప పనిలేదు. అనంతపురములో 1968లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రముగా మొదలైనది 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైనది. తుమకూరు విశ్వవిద్యాలయము వయసున చిన్నది; బెంగుళూరు విశ్వవిద్యాలయమునుండి విడివడి 2004లో ఏర్పడినది. రెండింటి పట్టములును దేశమంతట చెల్లును. పట్టపు విలువలో హెచ్చుతగ్గులు వెదకుట కాలహరణము.

చిక్కు వేరొకచోట నున్నది. అది "స్థానికుడు" అను చిన్న మాటలో నున్నది.

1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విశ్వవిద్యాలయములలో నూటికి 85 స్థానములు స్థానిక విద్యార్థులవి. అర్హత పరీక్ష వ్రాసిన యేడు కలుపుకొని వరుసగా నాలుగేండ్లు ఆ ప్రాంతమున చదివినవాడు స్థానికుడు. మిగిలిన పదునైదింటికి పోటీయు హెచ్చు, షరతులును కలవు. మన యిండ్లకు పెక్కు కోడండ్రు మడకశిర, కల్యాణదుర్గము వైపులనుండి వచ్చినవారే. అయినను మేనమామ యిల్లు కల్యాణదుర్గములో నున్నంతమాత్రమున మేనల్లుడు అచ్చట స్థానికుడు కాజాలడు. చట్టము బంధుత్వమును చూడదు, చదివిన బడిని చూచును.

ఎట్లో ప్రవేశము దొరకినదనుకొందము. మూడేండ్లు అచ్చట చదివినచో ఉద్యోగమునకైనను స్థానికుడగునని మీలో పలువురు తలంచుచున్నారు. అది పొరపాటు. ఉద్యోగముల విషయమున 1975 నాటి ఉత్తర్వు వేరుగా నున్నది. పదవ తరగతి గాని, అంతకు మించిన చదువు గాని కోరు ఉద్యోగములకు అది చూచునది పదవ తరగతితో ముగియు నాలుగేండ్ల చదువును. ఆ నాలుగేండ్లు మన పిల్లలు కర్ణాటకములోనే గడపియుందురు. కనుక అనంతపురములో ఎం.ఎ. చదివినను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగమునకు వారు బయటివారే. చదువు ముగించుకొని వచ్చిన పిమ్మట ఈ సంగతి తెలిసికొనుటకంటె ముందే తెలిసియుండుట మేలు.

ఇక కర్ణాటకము. వృత్తివిద్యల ప్రవేశపరీక్షకు ఒకటవ తరగతినుండి రెండవ పి.యు.సి. లోపల ఏడేండ్లు ఈ రాష్ట్రమున చదివి, ఎస్.ఎస్.ఎల్.సి. గాని పి.యు.సి. గాని ఇచ్చటనే ఉత్తీర్ణులగుట అర్హతలలో నొకటి. ఇది మన పిల్లలకు సులభముగనే లభించును. ఆ ప్రవేశములలో కన్నడ మాధ్యమమున పదవ తరగతివరకు చదివినవారికి నూటికి 5 స్థానములు కలవు. అవి మనకు రావు. కాని ఒకటినుండి పదివరకు పల్లెలలో చదివినవారికి నూటికి 15 స్థానములున్నవి. దీనికి మాధ్యమముతో పనిలేదు. ఈ సంగతి తెలియక, మంచి బడియని ఎనిమిదవ తరగతికే పిల్లవానిని పావగడ పట్టణమునకు మార్చువారున్నారు. పావగడ పురసభ; అది పల్లె లెక్కలోనికి రాదు. మూడేండ్ల పట్టణవాసమునకు వారు ఎంత వెల చెల్లించుచున్నారో వారికే తెలియదు.

ఖర్చు మాట. పావగడలోనే తుమకూరు విశ్వవిద్యాలయమునకు అనుబంధమైన ప్రభుత్వ కళాశాల యున్నది. ఇంటి అన్నము తిని మూడేండ్ల డిగ్రీ ముగింపవచ్చును. తుమకూరు ప్రశ్న ఎం.ఎ., ఎం.ఎస్.సి.లకే వచ్చును. 2023 జూన్ నుండి రాష్ట్రము లోపలి సాధారణ ప్రభుత్వ బస్సులలో కర్ణాటక స్త్రీలకు టిక్కెట్టు లేదు. ఆడపిల్లను దూరము పంపుటకు వెనుదీయు తండ్రులు దీనిని గమనింపవలెను. షెడ్యూల్డు కులముల పిల్లలకిచ్చు పోస్టు మెట్రిక్ విద్యార్థివేతనము మాత్రము ఎచ్చట చదివినను స్వరాష్ట్రమే ఇచ్చును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు ఫీజు సహాయము మన పిల్లలకు లేదు.

ఈ లెక్క మన యూరిలో మరింత జాగ్రత్తగా వేయవలసియున్నది. తిరుమణి, వళ్ళూరు, బాలసముద్రము, క్యాతగానచెర్లు, రాయచెర్లు — ఈ అయిదు ఊళ్ళ భూములలో సుమారు 13,000 ఎకరములు సౌరవిద్యుత్తుకు పోయినవి. 2,050 మెగావాట్ల కేంద్రము 2019 చివరకు పూర్తియైనది. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల కౌలుతో మొదలై, రెండేండ్లకొకమారు నూటికి 5 చొప్పున పెరుగునట్లు ఒప్పందము. మూడెకరములున్నవానికి మొదటి యేట వచ్చినది 63,000. ఒక పిల్లవాని హాస్టలుకు చాలును, ఇద్దరికి చాలదు. భూమిలేనివారికి కౌలు లేదు, వెనుకటి కూలియు లేదు. పిల్లవాడు చదువు మాని వచ్చినచో పట్టుటకు నాగలి లేదు గనుక, ఏ చదువు ఏ పనికి చేర్చునో ముందే చూడవలెను.

ప్రైవేటు ఉద్యోగమే కోరువానికి సరిహద్దు అంత అడ్డు కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారము 2019నుండి పనిచేయుచున్నది. గుబ్బి తాలూకాలో హెలికాప్టర్ల కర్మాగారము 2023లో ప్రారంభమైనది. మొదటిది మనకు చేరువ. కాని ఆంధ్రప్రదేశ్ 2019లో కర్మాగారములలో నూటికి 75 ఉద్యోగములు తన వారికని చట్టము చేసినదని మరువరాదు.

తెలుగు ఎం.ఎ. కోరు విద్యార్థికి బెంగుళూరు విశ్వవిద్యాలయములోను తెలుగు శాఖ కలదు. అనంతపురమే కావలెనన్న పట్టుదల గలవారికి నేను చూపు దారి వేరు: అచ్చట 2018లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయము. దాని ప్రవేశము అఖిలభారత పరీక్షద్వారా జరుగును. స్థానికుడు, పరదేశి అను భేదము లేదు. తెలివిగల పిల్లలు దీనికి పి.యు.సి.లోనే సిద్ధపడవలెను.

తక్కినవారికి నా సలహా తుమకూరే. అయితే ఒక షరతు. కర్ణాటక ప్రభుత్వోద్యోగమునకు కన్నడము తప్పదు. గెజిటెడ్ పదవుల పరీక్షలో కన్నడ పత్రము ఉత్తీర్ణమగుట తప్పనిసరి. తెలుగు మాధ్యమమున చదివినవాడు అక్కడ తడబడుట నేను చూచుచునే యున్నాను. ఇంట తెలుగు పత్రిక చదివించుచున్న తండ్రి, ప్రక్కన ఒక కన్నడ పత్రికయు వేయించినచో ఖర్చు కొద్దిపాటి.

అధ్యయన పత్రము, గ్రామీణ పత్రము — రెండింటిపై క్షేత్ర శిక్షణాధికారి సంతకము కావలెను. జూన్‌లో ఆ కార్యాలయము ముందు నిలువ చోటుండదు. కనుక ఫిబ్రవరిలోనే పిల్లవాడు చదివిన ప్రతి బడినుండి వివరములు తెచ్చి మాకు చూపుడు. పేరులోని అక్షరము ఒక పత్రమున ఒకరీతి, మరొకదానిలో మరొకరీతి ఉన్నచో సవరించుటకు అప్పుడు వ్యవధి యుండును.