లాగి వదిలే పనికి పరీక్ష

మన హాస్టల్‌లో చదువుకుని, ఇప్పుడు మదీనాగూడలో ఒకే గదిలో అద్దెకుంటున్న ముగ్గురం కలిసి ఈ వ్యాసం రాస్తున్నాం. మియాపూర్‌కూ చందానగర్‌కూ మధ్య, ముంబయి రహదారి పక్కన ఉంటుంది మదీనాగూడ. హైటెక్ సిటీ వైపు ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. మా ముగ్గురిదీ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనే. సెలవుల్లో హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా తమ్ముళ్లు "టెస్టింగంటే ఏం చేస్తారన్నా?" అని అడుగుతుంటారు. అంతా చెప్పబోతే ఈ సంచిక చాలదు. అందుకని మమ్మల్ని బాగా తిప్పలు పెట్టిన ఒక్క చిన్న పని గురించి చెబుతాం.

కంప్యూటర్ తెర మీద ఒక బొమ్మను మౌస్‌తో నొక్కిపట్టి, లాక్కుంటూ వెళ్లి, మరోచోట వదిలిపెడతాం కదా, దాన్నే డ్రాగ్ అండ్ డ్రాప్ అంటారు. చిన్నపిల్లలు కూడా చేసే పని. దీన్ని మనిషి లేకుండా ప్రోగ్రాముతో చేయించాలంటే మాత్రం తల ప్రాణం తోకకు వస్తుంది.

అసలు ప్రోగ్రాముతో ఎందుకు చేయించాలి? వెబ్‌సైటులో ఏ చిన్న మార్పు చేసినా పాతవన్నీ సరిగా ఉన్నాయో లేదో మళ్లీ చూడాలి. వందల పనులను ప్రతిసారీ చేత్తో చూడటం కష్టం. అందుకే బ్రౌజర్‌ను నడిపే సాధనాలు పుట్టాయి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఉండే కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ఒకప్పుడు విన్‌రన్నర్, క్యూటీపీ అనే పేర్లు కనిపించేవి. ఈ రెండూ మెర్క్యురీ అనే కంపెనీవి, డబ్బు పెట్టి కొనాల్సినవి. 2004లో షికాగోలో థాట్‌వర్క్స్ కంపెనీలో పనిచేస్తున్న జేసన్ హగిన్స్ సెలీనియం అనే సాధనాన్ని తయారుచేశారు. మెర్క్యురీ అంటే పాదరసం కదా, ఆ విషానికి సెలీనియం విరుగుడు అనే హాస్యంలోంచి ఆ పేరు పుట్టింది. ఇది ఉచితం, దీని కోడ్ ఎవరైనా చూడవచ్చు. లైసెన్సు కొనే స్తోమత లేని మాలాంటివాళ్లు ఇంటర్వ్యూకు ముందే పని నేర్చుకోగలిగామంటే దానివల్లే.

ఇక అసలు విషయానికి వద్దాం. మన ట్రంకు పెట్టెను ఒక గదిలోనుంచి మరో గదికి మార్చడం తలచుకోండి. ఎత్తాలి, మోయాలి, దించాలి. సెలీనియం కూడా అంతే చేస్తుంది: మౌస్ బటన్ నొక్కిపట్టు, ఫలానా చోటికి కదులు, బటన్ వదులు. 2007లో వచ్చిన జేక్వెరీ యూఐ వంటి లైబ్రరీలతో కట్టిన పేజీల్లో ఇది చక్కగా పనిచేస్తుంది. ఆ పేజీలు నొక్కడం, కదలడం, వదలడం అనే మౌస్ కబుర్లనే వింటాయి కాబట్టి.

కానీ రెండో రకం ఒకటుంది. దీనికి మూలం 1999లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5. తర్వాత అదే పద్ధతి హెచ్‌టీఎంఎల్5లోకి వచ్చింది. ఇందులో లాగుడు మొదలవగానే బ్రౌజర్ మామూలు మౌస్ కదలికల కబుర్లు ఆపేసి, వేరే కబుర్లు పంపుతుంది. ఎత్తినప్పుడు డ్రాగ్‌స్టార్ట్, మరో పెట్టె మీదికి చేరినప్పుడు డ్రాగ్‌ఎంటర్, దాని మీద ఉన్నంతసేపూ డ్రాగ్‌ఓవర్, వదిలినప్పుడు డ్రాప్, అంతా అయ్యాక డ్రాగ్‌ఎండ్. మోసుకెళ్లే సామాను వివరాలు డేటాట్రాన్స్‌ఫర్ అనే చీటీలో ఉంటాయి. ఇంకో మెలిక కూడా ఉంది. మామూలుగా ఏ పెట్టే తనమీద ఏదీ వదలనివ్వదు. డ్రాగ్‌ఓవర్ కబురు వచ్చినప్పుడు పేజీ "సరే, రానివ్వు" అని ఒప్పుకోవాలి. ఆ గది వార్డెన్ ఒప్పుకోకపోతే ట్రంకు పెట్టె గుమ్మం దాటదన్నమాట.

సెలీనియం పంపిన నొక్కుడు, కదలిక, వదులుడు ఈ రెండో రకం లాగుడును చాలా ఏళ్లపాటు సరిగా మొదలుపెట్టలేకపోయాయి. అలాగని అది తప్పు జరిగిందని చెప్పదు! తనకప్పగించిన మూడు పనులూ చేసింది కాబట్టి నిశ్శబ్దంగా ముందుకు పోతుంది. మేము దెబ్బతిన్నది ఇక్కడే. మాలో ఒకరు ఉద్యోగంలో చేరిన కొత్తలో, పనుల చీట్లను ఒక గడినుంచి మరో గడికి లాగే పేజీకి పరీక్ష రాశారు. రోజూ రాత్రి నడిచేది, పొద్దున్నే పచ్చరంగులో పాస్ అని కనిపించేది. వారాల తర్వాత వాడకందారు ఫోను చేసి, చీటీ అసలు కదలడమే లేదన్నారు. తీరా చూస్తే మా పరీక్షలోనూ అది ఒక్కరోజు కూడా కదల్లేదు. లాగమని చెప్పాం గాని, చేరిందా అని అడగలేదు. ఆ రోజు మీటింగులో తల దించుకుని నిలబడ్డ సంగతి ఇప్పటికీ మా గదిలో చెప్పుకుంటాం.

అప్పటినుంచి మేము మూడు సంగతులు అడుగుతాం. చీటీ కొత్త గడిలో ఉందా? పాత గడిలోనుంచి పోయిందా? పేజీని రిఫ్రెష్ చేసినా అక్కడే ఉందా? మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. తెర మీద చీటీ కదిలినా సర్వర్‌లో నమోదు కాకపోతే ఏం లాభం?

లాగేటప్పుడు కూడా ఒక్క దూకులో గమ్యానికి వెళ్లకూడదు. ముందు నాలుగైదు పిక్సెళ్లు కదిలి, ఆ తర్వాత గమ్యం మీదికి వెళ్లి, అక్కడ మళ్లీ కొంచెం కదిలి వదలాలి. నొక్కిన చోటునుంచి కొంచెమైనా జరిగితేనే లాగుడు మొదలైనట్టు లెక్క. డ్రాగ్‌ఓవర్ కబురు అన్ని బ్రౌజర్లలోనూ రావాలంటే కనీసం రెండు కదలికలు కావాలని 2020లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ప్లేరైట్ అనే సాధనం వివరాల్లోనూ రాసి ఉంటుంది. ఇప్పటి బ్రౌజర్లలో, కొత్త సాధనాల్లో పాత ఇబ్బంది చాలావరకు తగ్గింది.

అది కుదరని చోట మరో దారి ఉంది. జావాస్క్రిప్ట్‌తో మనమే డేటాట్రాన్స్‌ఫర్ చీటీ తయారుచేసి, డ్రాగ్‌స్టార్ట్ నుంచి డ్రాగ్‌ఎండ్ దాకా కబుర్లన్నీ వరుసగా పేజీకి పంపడం. పని అవుతుంది. మాకు మాత్రం దానిమీద పూర్తి నమ్మకం లేదు. ఆ పెట్టె మీద కనిపించని పొర ఏదైనా అడ్డుగా ఉంటే మనిషి మౌస్ దాన్ని పట్టుకోలేదు, మన దొంగ కబుర్లు మాత్రం నేరుగా చేరిపోతాయి. పరీక్ష పాస్, మనిషి ఫెయిల్.

కంప్యూటర్‌లోని ఫైలును బ్రౌజర్‌లోకి లాగి పడేసే పని ఇంకో రకం. బ్రౌజర్ బయట ఏముందో సెలీనియంకు కనబడదు. పేజీలో ఫైలు ఎంచుకునే బటన్ ఉంటే, ఫైలు ఉన్న చోటు పేరును దానికి నేరుగా టైపు చేసి ఇస్తే సరిపోతుంది.

ఇంకొక మాట. చేతులు వణికేవాళ్లు, మౌస్ పట్టుకోలేనివాళ్లు లాగి వదలలేరు. 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం, లాగి చేసే పనిని లాగకుండా, నొక్కి చేసే వీలు కూడా ఉండాలని చెబుతోంది. ఆ రెండో దారిని కూడా పరీక్షించాలి. చాలాచోట్ల అది ఉండదు, అడిగేవాళ్లూ ఉండరు.

దీన్ని మన కంప్యూటర్ గదిలోనే చేసి చూడవచ్చు, నెట్ కూడా అక్కర్లేదు. నోట్‌ప్యాడ్‌లో రెండు పెట్టెలతో ఒక పేజీ రాయండి. మొదటిదానికి డ్రాగబుల్ అనే గుణం ఇవ్వండి. రెండోదానికి డ్రాగ్‌ఓవర్ వచ్చినప్పుడు ఒప్పుకునే వాక్యమూ, డ్రాప్ వచ్చినప్పుడు మొదటి పెట్టెను లోపలికి తీసుకునే వాక్యమూ రాయండి. లాగి చూడండి, వెళుతుంది. ఆ ఒప్పుకునే ఒక్క వాక్యం తీసేసి మళ్లీ లాగండి. పెట్టె ఎక్కడిది అక్కడే ఉంటుంది, తెర మీద ఏ తప్పూ కనిపించదు.